పోలీసాఫీసర్ కోర్టుకెళ్తే కోర్టు అసలు ఏం తేలుస్తుంది? సస్పెన్షన్, చార్జ్ మెమో, క్రిమినల్ కేసు: ఈ మూడు ముడులూ విప్పి చూద్దాం

2024 మే 31న ఏపీ కేడర్ 1989 బ్యాచ్ ఐపీఎస్ ఆఫీసర్ ఏబీ వెంకటేశ్వరరావు గారికి ప్రభుత్వం పోస్టింగ్ ఇచ్చింది, ప్రింటింగ్ అండ్ స్టేషనరీ కమిషనర్‌గా, ఆయన వెళ్లి చార్జ్ తీసుకున్నారు, అదే రోజు రిటైర్ అయిపోయారు. డీజీ ర్యాంకు ఆఫీసర్, ఒకప్పుడు రాష్ట్ర ఇంటెలిజెన్స్ చీఫ్. అలాంటాయన చివరి నాలుగేళ్ల పైచిలుకు సర్వీసు, మధ్యలో కొన్ని వారాలు తప్ప, మొత్తం సస్పెన్షన్‌లోనే పోయింది.

ఆ నాలుగేళ్లూ టీవీల్లో స్క్రోలింగులు మనందరం చూసినవే. క్యాట్‌లో (కేంద్ర, ఆల్ ఇండియా సర్వీసు ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్) ఎదురుదెబ్బ, హైకోర్టులో ఊరట, సుప్రీంలో స్టే, మళ్లీ సుప్రీంలో ఊరట, మళ్లీ సస్పెన్షన్, మళ్లీ క్యాట్. ప్రతి స్క్రోలింగ్‌కీ ఒక వర్గం "చూశారా తప్పు చేశాడని తేలిపోయింది" అంటే ఇంకో వర్గం "చూశారా కక్ష సాధింపని తేలిపోయింది" అని కొట్టుకోవడం. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే, ఆ స్క్రోలింగుల్లో ఉన్న ఏ ఆర్డర్ కూడా ఆయన మీద ఆరోపణ నిజమా అబద్ధమా అనేది తేల్చలేదు. తేల్చడం వాటి పని కూడా కాదు. సర్వీసులో ఉన్న పోలీసు మీద ఆరోపణ వచ్చి ఆయన కోర్టు మెట్లెక్కితే కోర్టు చూసేది వేరే విషయం, ఆ తేడా తెలియకపోతే ఇలాంటి ఏ వార్త చదివినా మనకి తప్పుగానే అర్థమవుతుంది.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. ఒక పోలీసు మీద ఆరోపణ వస్తే మూడు బండ్లు విడివిడిగా కదులుతాయి. ఒకటి సస్పెన్షన్. రెండోది డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ, అంటే చార్జ్ మెమో (ఆరోపణలేంటో రాసిన కాగితం) ఇచ్చి, సాక్షుల్ని పిలిచి, చివరికి పనిష్మెంట్ ఇవ్వడమో వదిలేయడమో. మూడోది క్రిమినల్ కేసు, ఎఫ్ఐఆర్, చార్జిషీటు, ట్రయల్. ఈ మూడింటికీ రూల్సు వేరు, కోర్టులు వేరు, రుజువు ఎంత కావాలి అనే లెక్క కూడా వేరు. ఒకదాంట్లో గెలిచి ఇంకోదాంట్లో ఓడిపోవచ్చు, అందులో వింతేం లేదు, కానీ పేపర్లో మాత్రం మూడూ కలిపి ఒకే కేసులాగా వస్తాయి.

వీటికి ముందు ఇంకోటుంది, వీఆర్. ఫలానా సీఐని వీఆర్‌కి పంపారు, ఫలానా ఎస్సైని హెడ్‌క్వార్టర్స్‌కి అటాచ్ చేశారు అని వింటుంటాం కదా, అది సస్పెన్షన్ కాదు, చట్టం ప్రకారం పనిష్మెంట్ అంతకన్నా కాదు. పోస్టింగ్ లేకుండా వేకెన్సీ రిజర్వులో కూర్చోబెట్టడం, జీతం మామూలుగానే వస్తుంది. జనం కోపంగా ఉన్నప్పుడు "చర్యలు తీసుకున్నాం" అని చెప్పుకోడానికి పనికొస్తుంది, నాలుగు నెలలు పోయాక ఇంకో స్టేషన్లో కనపడతాడు. స్టేషన్లో దెబ్బలు తిన్న మనిషి కుటుంబానికి ఇది న్యాయం అని చెప్పడం నా దృష్టిలో అన్యాయం, ఎందుకంటే అక్కడ ఎంక్వైరీ అనేదే మొదలవ్వలేదు.

సస్పెన్షన్ సంగతికొస్తే, అది కూడా చట్టం దృష్టిలో శిక్ష కాదు. ఎంక్వైరీ జరిగేటప్పుడు సాక్షుల్ని బెదిరించకుండా, ఫైళ్లు మార్చకుండా పక్కన పెట్టడం, అంతే. ఏపీలోనూ తెలంగాణలోనూ రాష్ట్ర ఉద్యోగులకి 1991 నాటి సీసీఏ రూల్స్, అంటే క్రమశిక్షణ రూల్స్ ఉన్నాయి, అందులో రూల్ 8 కింద సస్పెండ్ చేస్తారు. ఐపీఎస్ వాళ్లకి అది వర్తించదు, వాళ్లకి ఆల్ ఇండియా సర్వీసెస్ డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్, 1969 నాటివి. శిక్ష కాదంటారు గానీ సస్పెండ్ అయినవాడి ఇంట్లో అడగండి. చేతికొచ్చేది సబ్సిస్టెన్స్ అలవెన్స్, మొదట్లో దాదాపు సగం జీతం లెక్కన, ఊళ్లో ముఖం చూపించలేక, పిల్ల పెళ్లి సంబంధం దగ్గర "మీ నాన్నగారు ఇప్పుడెక్కడ చేస్తున్నారు" అన్న ప్రశ్నకి సమాధానం లేక. సర్వీస్ రిజిస్టర్‌లో శిక్ష అని రాయకపోయినా శిక్షే అది.

అందుకే సస్పెన్షన్‌కి గడువు అనే విషయం మీద కోర్టుల్లో అంత పోరాటం జరుగుతుంది. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, సస్పెండ్ చేసిన మూడు నెలల్లోపు చార్జ్ మెమో ఇవ్వాలి, ఇవ్వకపోతే సస్పెన్షన్ పొడిగించకూడదు, ఇస్తే మాత్రం ఎందుకు పొడిగిస్తున్నారో కారణాలు రాసి పొడిగించాలి. మూడు నెలలు దాటితే ఆటోమేటిక్‌గా డ్యూటీలోకి వచ్చేస్తారు అని చాలామంది పోలీసులే అనుకుంటారు, అలా కాదు, మెమో చేతికొచ్చాక ఆ వాదన పలచబడిపోతుంది.

ఇప్పుడు ఏబీవీ గారి కేసు ఒకసారి వరసగా చూద్దాం, ఎందుకంటే సస్పెన్షన్ చిక్కులన్నీ ఆ ఒక్క కేసులో దొరుకుతాయి. 2020 ఫిబ్రవరి 8న సస్పెండ్ చేశారు. ఇంటెలిజెన్స్ చీఫ్‌గా ఉన్నప్పుడు నిఘా పరికరాలు కొనడంలో ఇజ్రాయెల్ కంపెనీతో వ్యవహారంలో అవకతవకలు, కొడుకు కంపెనీకి మేలు చేసే ప్రయత్నం అనేవి ఆరోపణలు. ఆయన మొదటి నుంచీ వీటిని ఖండిస్తూనే ఉన్నారు. ఐపీఎస్ కాబట్టి ముందు హైదరాబాద్ క్యాట్‌కి వెళ్లాలి, వెళ్లారు, 2020 మార్చిలో అక్కడ ఓడిపోయారు. క్యాట్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్లొచ్చు అనేది 1997లో ఎల్ చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, అలా ఏపీ హైకోర్టుకి వెళ్తే మేలో సస్పెన్షన్ కొట్టేశారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది, నవంబర్‌లో హైకోర్టు ఆర్డర్ మీద స్టే వచ్చింది. మళ్లీ సస్పెన్షన్‌లోనే.

అసలు మలుపు 2022 ఏప్రిల్ 22న. సుప్రీంకోర్టు సస్పెన్షన్ చెల్లదంది. దేని మీద? ఆరోపణలో పస లేదని కాదు. ఆల్ ఇండియా సర్వీసెస్ రూల్స్‌లో రూల్ 3 కింద ఒక లెక్కుంది, అవినీతి కాని ఆరోపణలైతే సస్పెన్షన్ ఏడాది దాటకూడదు, అవినీతి ఆరోపణలైతే రెండేళ్లు దాటకూడదు, దాటించాలంటే కేంద్రంలో ఉన్న రివ్యూ కమిటీ సిఫార్సు కావాలి, లేకపోతే సస్పెన్షన్ దానంతటదే రద్దయినట్టే. 2020 ఫిబ్రవరి 8 నుంచి లెక్కేస్తే 2022 ఫిబ్రవరికి రెండేళ్లు అయిపోయాయి. అంతే, క్యాలెండర్ చూసి కొట్టేసినట్టు. ఇందులో ఆయన మంచోడా కాదా అన్న ప్రశ్నే రాలేదు.

తర్వాత పోస్టింగ్ ఇచ్చారు, ప్రింటింగ్ స్టేషనరీలో, కొద్ది రోజులకే జూన్ 28న మళ్లీ సస్పెండ్ చేశారు. ఈసారి వాడింది అదే రూల్ 3లో ఇంకో క్లాజు, క్రిమినల్ కేసు దర్యాప్తో ట్రయలో పెండింగ్‌లో ఉంటే సస్పెండ్ చేయొచ్చు అనేది, ఏసీబీ 2021లోనే కేసు పెట్టి ఉంది కదా. సాక్షుల్ని ప్రభావితం చేస్తారు అన్నది ప్రభుత్వం మాట. మొదటి సస్పెన్షన్ గడువు అయిపోయింది కాబట్టి అదే వ్యవహారం మీద వేరే క్లాజు కింద కొత్త సస్పెన్షన్ మొదలుపెట్టొచ్చా అనేదే అక్కడ అసలు చర్చ. 2024 మే 8న క్యాట్ కుదరదంది. ప్రభుత్వం హైకోర్టుకి వెళ్లినా స్టే రాలేదు. ఒకే ఆరోపణకి క్లాజు మార్చి రెండోసారి పక్కన పెట్టడానికి ఒప్పుకుంటే రూల్‌లో రెండేళ్ల గడువు రాసుకున్నది దేనికి? క్యాట్ చెప్పింది నాకు సబబుగానే అనిపిస్తుంది, అక్కడ ఏబీవీ ఉన్నా ఇంకెవరున్నా సరే. తర్వాత 2025లో కొత్త ప్రభుత్వం ఆ సస్పెన్షన్ కాలమంతా డ్యూటీగా లెక్కేసి జీతభత్యాలు ఇచ్చింది, అంటే పని చేయించుకోని కాలానికి ప్రజల డబ్బు. ఎంక్వైరీని టైముకి పూర్తి చేయకుండా మనిషిని సస్పెన్షన్‌లోనే కూర్చోబెడితే చివరికి బిల్లు కట్టేది మనమే.

ఇలాంటిదే తమిళనాడులో ప్రమోద్ కుమార్ అనే ఐపీఎస్ కేసు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆయన ఆరేళ్లకి పైగా సస్పెన్షన్‌లో ఉన్నారు. ఇంతకాలం ఉంచడం వల్ల ఒరిగేదేం లేదు, డ్యూటీలోకి తీసుకుని కీలకం కాని పోస్టు ఇవ్వండి అంది కోర్టు. అదే తీర్పులో చార్జ్ మెమోని కూడా కొట్టేసింది, కారణం వింటే మామూలు జనానికి ఆశ్చర్యమేస్తుంది. ఎంక్వైరీ మొదలుపెట్టడానికి సంబంధిత అధికారి ఆమోదం ఉంది, కానీ ఆ మెమో డ్రాఫ్ట్‌కి విడిగా ఆమోదం లేదు. 2013లో బీవీ గోపీనాథ్ అనే ఇన్‌కమ్ ట్యాక్స్ అధికారి కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రూల్ అది, ఎంక్వైరీకి ఓకే చెప్పడం ఒకటి, ఫలానా ఫలానా ఆరోపణలతో మెమో ఇవ్వండి అని ఓకే చెప్పడం ఇంకొకటి, రెండూ ఉండాలి. సంతకం ఒకటి తక్కువైతే మెమో పోతుంది. "టెక్నికాలిటీ మీద తప్పించుకున్నాడు" అని తిట్టుకుంటాం గానీ, ఉద్యోగం తీసేయగల కాగితం మీద ఏం రాశారో చూసి సంతకం పెట్టే బాధ్యత ఎవరో ఒకరికి ఉండాలి కదా, లేకపోతే కింద క్లర్క్ రాసిందే ఆరోపణ అయిపోతుంది.

ఇక రెండో బండి, డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ. దీనికి తల్లివేరు రాజ్యాంగంలో ఆర్టికల్ 311. అందులో రెండు హామీలు. నిన్ను ఉద్యోగంలో పెట్టిన అధికారికన్నా కింది అధికారి నిన్ను డిస్మిస్ చేయలేడు, ఇది మొదటిది. కానిస్టేబుల్‌ని ఎస్పీ డిస్మిస్ చేయగలడు గానీ ఎస్సైని చేయలేడు, ఎస్సై అపాయింట్‌మెంట్ డీఐజీ స్థాయిలో జరుగుతుంది కాబట్టి. రెండోది, ఆరోపణలేంటో చెప్పి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇచ్చి, ఎంక్వైరీ చేశాకే తీసేయాలి.

దీనికి మినహాయింపులు మూడున్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడితే ఎంక్వైరీ అక్కర్లేదు. ఎంక్వైరీ చేయడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణాలు రాతపూర్వకంగా రాస్తే అక్కర్లేదు. దేశ భద్రత అని రాష్ట్రపతో గవర్నరో సంతృప్తి చెందితే అక్కర్లేదు. రెండోదే పోలీసు శాఖల్లో ఎక్కువ వాడేది, ఎక్కువ దుర్వినియోగం అయ్యేది కూడా. 1985లో తులసీరాం పటేల్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్ ఈ మినహాయింపు చెల్లుతుందంది, కానీ కారణాలు నిజమైనవి అయ్యుండాలి, ఊరికే చిటికెలో తీసుకునే నిర్ణయం కాకూడదు అని కూడా అంది. తర్వాత జస్వంత్ సింగ్ అనే పంజాబ్ పోలీసు కేసులో ఇదే పాయింట్ మీద డిస్మిసల్ పోయింది, ఎంక్వైరీ ఎందుకు సాధ్యం కాదో చూపించే ఆధారం ఆ అధికారి దగ్గర లేదు. సాక్షులు భయపడతారు అని ఒక లైను రాసి ముప్పై ఏళ్ల ఉద్యోగం తీసేయడం కుదరదు.

మామూలు ఎంక్వైరీ ఎలా నడుస్తుందో చూద్దాం. సీసీఏ రూల్స్‌లో రూల్ 20 పెద్ద శిక్షలకి. చార్జ్ మెమో వస్తుంది, దాంతో పాటు ఏ సాక్షులు, ఏ కాగితాలు అనే లిస్టులు. రాతపూర్వక సమాధానం ఇవ్వాలి. ఎంక్వైరీ ఆఫీసర్ సాక్షుల్ని పిలుస్తారు, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు వాళ్లని ఎదురు ప్రశ్నలు అడగొచ్చు. మామూలుగా లాయర్‌ని పెట్టుకోనివ్వరు, ఇంకో ప్రభుత్వ ఉద్యోగి సాయం తీసుకోవచ్చు, డిపార్ట్‌మెంట్ తరఫున లాయర్ కూర్చుంటే మాత్రం ఇతనికీ అడిగే హక్కుంటుంది. చివరికి రిపోర్ట్. ఆ రిపోర్ట్ కాపీ ఇతని చేతికి ఇచ్చి నీ మాటేంటి అని అడగాలి, ఆ తర్వాతే శిక్ష. ఈ చివరి రూల్‌ని ఖాయం చేసింది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ కేసు, ఈసీఐఎల్ వర్సెస్ బి కరుణాకర్, 1993, ఐదుగురు జడ్జీలు. దేశంలో ఏ మూల ఏ ఉద్యోగి ఎంక్వైరీ రిపోర్ట్ కాపీ అడిగినా చూపించేది ఈ తీర్పే.

శిక్షల్లో చిన్నవి పెద్దవి ఉంటాయి. సెన్షూర్ (రాతపూర్వక మందలింపు), ఇంక్రిమెంట్ ఆపడం, ప్రమోషన్ ఆపడం చిన్నవి. ర్యాంకు తగ్గించడం, కంపల్సరీ రిటైర్‌మెంట్, రిమూవల్, డిస్మిసల్ పెద్దవి. స్టేషన్లో "పీపీఐ పడింది" అంటారు, అంటే ఇంక్రిమెంట్ వాయిదా. ఇంక్రిమెంట్ ఆపడంలోనే భవిష్యత్తు ఇంక్రిమెంట్ల మీద ప్రభావం లేకుండా ఆపడం చిన్న శిక్ష, ప్రభావంతో ఆపడం పెద్ద శిక్ష. ఆర్డర్‌లో ఒక్క మాట తేడా, పెన్షన్ దాకా లక్షల్లో తేడా వస్తుంది. రిమూవల్‌కీ డిస్మిసల్‌కీ తేడా ఏంటంటే రిమూవల్ అయితే మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అప్లై చేసుకోవచ్చు, డిస్మిసల్ అయితే మామూలుగా ఆ దారి మూసుకుపోయినట్టే.

శిక్ష పడ్డాక కోర్టుకెళ్తే? రాష్ట్ర పోలీసులు ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్తున్నారు. ఒకప్పుడు ఏపీ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది, తెలంగాణ 2016లో తప్పుకుంది, ఆ తర్వాత ఏపీలోనూ అది పోయింది, కేసులన్నీ హైకోర్టు నెత్తిన పడ్డాయి. సర్వీస్ కేసులకోసమే ఉన్న చోటు పోవడం వల్ల కింది స్థాయి ఉద్యోగికి ఆలస్యం పెరిగిందనే నా బాధ.

హైకోర్టు ఏం చూస్తుంది అనేదానికి పునాది రాయి కూడా మన రాష్ట్రం కేసే, అదీ ఒక పోలీసు కేసే. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ శ్రీరామారావు, 1963. ఒక సబ్ ఇన్‌స్పెక్టర్, పట్టుబడిన మనిషిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచలేదు అనేది ఆరోపణల్లో ముఖ్యమైనది, ఎంక్వైరీ చేసి డిస్మిస్ చేశారు. హైకోర్టు సాక్ష్యాలన్నీ తిరగేసి సరిపోవని డిస్మిసల్ రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ మీద హైకోర్టు అప్పీల్ కోర్టు కాదు, అధికారం ఉన్నవాడే ఎంక్వైరీ చేశాడా, పద్ధతి ప్రకారం చేశాడా, సహజ న్యాయ సూత్రాలు పాటించాడా చూడండి, కొంతైనా సాక్ష్యం ఉంటే అది చాలా చాలదా అని తూకం వేయడం మీ పని కాదు అంది. పరీక్ష పేపర్‌ని హైకోర్టు మళ్లీ దిద్దదు, దిద్దినవాడు రూల్ ప్రకారం దిద్దాడా అని చూస్తుంది, అంతే. అరవై ఏళ్లయినా ఈ తీర్పు లేకుండా ప్రభుత్వ లాయర్ వాదన మొదలవ్వదు.

అలాగని సాక్ష్యమే లేకుండా శిక్షేస్తే కోర్టు చూస్తూ ఊరుకోదు. 2008లో రూప్ సింగ్ నేగి అనే బ్యాంకు ఉద్యోగి కేసులో, పోలీసులు రాసిన కాగితాలు, ఎఫ్ఐఆర్ తెచ్చి ఫైల్లో పెట్టినంత మాత్రాన అది సాక్ష్యం కాదు, ఎవరో ఒకరు వచ్చి అందులో ఉన్నది నిజం అని చెప్పాలి అంది సుప్రీంకోర్టు. శిక్ష ఎక్కువైందా తక్కువైందా అనే విషయంలో కూడా, 1995 నాటి బీసీ చతుర్వేది తీర్పు ప్రకారం, చూడగానే "ఇదేం శిక్షరా నాయనా" అనిపించేంత దారుణంగా ఉంటేనే కోర్టు వేలు పెడుతుంది. పోలీసు విషయంలో అది కూడా తక్కువే, యూనిఫాం వేసుకున్నవాడి క్రమశిక్షణకి కోర్టులు ఎక్కువ బరువిస్తాయి. డ్యూటీలో తాగి రివాల్వర్‌తో బజార్లో తిరిగిన పంజాబ్ కానిస్టేబుల్ ఒకడు "ఒక్కసారే కదా" అంటే, 1992లో సుప్రీంకోర్టు ఒక్కసారైనా డిస్మిసల్‌కి సరిపోతుందంది. నాకు ఆ తీర్పు మీద ఏ అభ్యంతరం లేదు.

మూడో బండి దగ్గర ఇంకా పెద్ద అపోహ. "క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది, మరి డిపార్ట్‌మెంట్ ఎలా తీసేస్తుంది?" క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, ఎంక్వైరీలో జరిగి ఉండే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు. తమిళనాడులో తెన్కాశి బస్టాండ్ దగ్గర ఒక పోలీసు పెళ్లయిన ఆవిడతో అసభ్యంగా ప్రవర్తించాడని కేసు. ఎంక్వైరీలో రుజువైంది, డిస్మిస్ చేశారు. క్రిమినల్ కోర్టులో ఆవిడా, భర్తా ఇద్దరూ ఎదురు తిరిగారు, కేసు కొట్టేశారు. ఆయన హైకోర్టుకెళ్లి ఉద్యోగం తెచ్చుకున్నాడు. 2012 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉద్యోగం మళ్లీ తీసేసింది, సాక్షులు ఎదురు తిరిగితే వచ్చిన విడుదల గౌరవప్రదమైన విడుదల కాదు అని. అంతటితో ఆగకుండా బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర మఫ్టీలో మహిళా పోలీసుల్ని పెట్టమని రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది. బస్టాండ్‌లో నిలబడ్డ ఒక మామూలు ఆవిడ, ఎదురుగా యూనిఫాం ఉన్నవాడు, ఆవిడ కోర్టుకొచ్చి మాట మార్చింది అంటే దాని వెనక ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టమా? సాక్షి భయపడితే ఉద్యోగం తిరిగొచ్చేస్తుంది అనే దారి మూసింది కాబట్టి ఈ తీర్పంటే నాకు చాలా గౌరవం.

కానీ దీనికి అవతలి వైపు కూడా చూడాలి. 1999లో కెప్టెన్ ఎం పాల్ ఆంథోనీ కేసు. కోలార్‌లో భారత్ గోల్డ్ మైన్స్‌లో సెక్యూరిటీ ఆఫీసర్, ఇంట్లో సోదా చేస్తే బంగారం దొరికిందని కేసు. సస్పెండ్ చేశారు, సబ్సిస్టెన్స్ అలవెన్స్ ఇవ్వలేదు. ఎంక్వైరీ కోలార్‌లో, ఆయన ఉన్నది కేరళలో ఇంటి దగ్గర. ఆరోగ్యం బాలేదు, రావడానికి చేతిలో డబ్బుల్లేవు అని రాసుకున్నా వినకుండా ఆయన లేకుండానే ఎంక్వైరీ ముగించి డిస్మిస్ చేశారు. తర్వాత క్రిమినల్ కోర్టు అసలు సోదానే రుజువు కాలేదంది. రెండు చోట్లా సాక్షులు వాళ్లే, సాక్ష్యం అదే, ఒక చోట నిలబడనిది ఇంకో చోట ఎలా నిలబడుతుంది అని సుప్రీంకోర్టు ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకోమంది. అన్నం పెట్టకుండా ఎంక్వైరీకి రమ్మనడం బతికే హక్కుని కాలరాయడమే అని కూడా అంది. కాబట్టి క్రిమినల్ కేసులో విడుదల అయితే చూడాల్సింది, ఎలా విడుదలయ్యాడు? సాక్షులు ఎదురు తిరిగా, లేక సంఘటనే జరగలేదని తేలా? సాక్ష్యం రెండు చోట్లా ఒకటేనా? ఈ రెండు ప్రశ్నలకి సమాధానం తెలిస్తే తీర్పు ఎటు పోతుందో చాలావరకు చెప్పేయొచ్చు.

ఇంకో మాట. ఐపీఎస్ అయితే సీనియర్ లాయర్‌ని పెట్టి క్యాట్ నుంచి సుప్రీం దాకా నాలుగేళ్లు కొట్లాడగలడు. సగం జీతం మీద ఉన్న కానిస్టేబుల్ సంగతేంటి? ఆయనకి యూనియన్ పెట్టుకునే స్వేచ్ఛ కూడా మిగతా ఉద్యోగుల్లాగా లేదు, పోలీసు బలగాల హక్కుల మీద 1966లోనే చట్టంతో కంచె వేశారు. అందుకే కింది స్థాయిలో ఆధారం లేని మెమోలు కూడా నిలబడిపోతాయి, ఎవరూ ఎదిరించరు కాబట్టి. మెమో చేతికొచ్చిన రోజు నుంచే కాగితాలు అడగండి, ఏ డాక్యుమెంట్ ఇవ్వలేదో రాసి రసీదు తీసుకోండి, సాక్షిని ప్రశ్నించనివ్వకపోతే ఆ రోజే ఎంక్వైరీ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, ఎందుకంటే తర్వాత హైకోర్టులో లాయర్ చూపించగలిగేది ఆ ఫైల్లో ఉన్నదే, నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. కోపంలో ఎంక్వైరీకి వెళ్లకుండా ఉండటం మాత్రం చేయొద్దు, ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు లేకుండానే, ముగిస్తారు.

ఆలస్యం మీద కూడా వాదించొచ్చు. స్టేట్ ఆఫ్ ఏపీ వర్సెస్ రాధాకిషన్, 1998, హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 1987 నాటి వ్యవహారానికి 1995లో మెమో ఇస్తే కొట్టేశారు, ఆలస్యానికి ఉద్యోగి కారణం కాదు, డిపార్ట్‌మెంట్ దగ్గర సరైన వివరణా లేదు. 2015లో ప్రేమ్ నాథ్ బాలి కేసులో ఎంక్వైరీలు ఆరు నెలల్లో ముగించండి, కుదరకపోతే ఏడాది దాటనివ్వొద్దు అంది సుప్రీంకోర్టు. ఈ గడువు పాటిస్తే ఫిర్యాదు చేసినవాళ్లకీ మేలే, సాక్షులు జ్ఞాపకం ఉండగానే చెప్తారు.

గెలిస్తే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకుని ఉండాలి. పద్ధతిలో లోపం ఉందని హైకోర్టు శిక్ష కొట్టేస్తే చాలాసార్లు కేసు అక్కడితో అయిపోదు. కరుణాకర్ తీర్పులోనే ఉంది, రిపోర్ట్ ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగిందని కోర్టు నమ్మి ఆర్డర్ రద్దు చేస్తే, ఎంక్వైరీ ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడి నుంచి మళ్లీ నడుపుకునే స్వేచ్ఛ డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వాలి, మనిషిని ఉద్యోగంలోకి తీసుకున్నట్టు చూపించి అదే చేత్తో సస్పెన్షన్‌లో పెట్టొచ్చు, పోయిన జీతం ఎంత ఇవ్వాలి అనేది ఆ రెండో ఎంక్వైరీ ముగిశాకే తేలుతుంది. పేపర్లో "హైకోర్టులో ఊరట" అని వచ్చిన రోజున ఆ పోలీసు మళ్లీ సగం జీతం మీదే ఉండి ఉండొచ్చు, ఎంక్వైరీ ఆఫీసర్ నుంచి కొత్త తేదీతో ఇంకో నోటీస్ దారిలో ఉండి ఉండొచ్చు.